అద్దం మీద ఉర్దూ

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రోడ్డు మీద, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ మొదలైంది. దాని లోపల సితార, తార అని రెండు హోటళ్లున్నాయి. ఈ హోటళ్ల చుట్టూ ఒక దయ్యం కథ చాలా ఏళ్లుగా తిరుగుతోంది. పత్రికలు రాశాయి. టీవీలు చూపించాయి. ఇప్పుడు సెల్‌ఫోన్లలో తిరుగుతోంది. దేశంలో దయ్యాలుండే చోట్ల పేరుతో ఎవరు జాబితా కట్టినా అందులో ఈ పేరు ఉంటుంది.

కథ ఇదీ. ఆ నేల ఒకప్పుడు నిజాం సుల్తానుల యుద్ధభూమి అట. అక్కడ చచ్చిన సిపాయిలు దయ్యాలై తిరుగుతున్నారట. పైన లైట్లు పట్టుకున్నవాళ్లను ఎవరో కిందికి తోస్తారట. మూసిన తలుపుల్ని రాత్రిపూట తడతారట. ఆడవాళ్ల జోలికి ఎక్కువగా వస్తారట, బట్టలు లాగుతారట. తెల్లారి చూస్తే గది అద్దం మీద రాతలు కనిపిస్తాయట. ఆ రాతలు ఉర్దూలో ఉంటాయట.

మా గార్లదిన్నె అక్కడికి చాలా దూరం. అనంతపురం నుంచి గుత్తి పోయే దారిలో, బెంగళూరు–హైదరాబాదు రోడ్డు పక్కన, వాన కోసం మోరెత్తి చూసే నేల మాది. అయినా ఆ కథ మా దాకా వచ్చింది. బడిపిల్లలు ఎక్స్‌కర్షన్‌కు పోయి తెచ్చుకున్నారు. లారీ క్లీనర్లు మోసుకొచ్చారు. హైదరాబాదులో చదువుకునే పిల్లలు పండక్కు వచ్చి చెప్పారు. హిందువుల పిల్లలు చెప్తారు, మా పిల్లలు కూడా చెప్తారు. చెప్పేటప్పుడు గొంతు తగ్గించి, ఆఖర్న 'ఉర్దూలో' అన్న మాట దగ్గర ఆగుతారు. భయం పుట్టాల్సిన చోటు అదేనని వాళ్లకు తెలుసు.

మేము ఆగేది కూడా అక్కడే.

మా లౌకికవాద మిత్రులకు చెప్తే నవ్వుతారు. 'దయ్యాల్లేవు, మూఢనమ్మకం, వదిలేయండి' అంటారు. దయ్యాల్లేవని మాకూ తెలుసు. ఆ హోటళ్లలో రోజూ వందలమంది పడుకుని, లేచి, టిఫిను తిని పోతున్నారు. ఆ యజమానుల మీద మాకు ఫిర్యాదు లేదు. ఈ పుకారు వాళ్లకు మేలు చేసేదీ కాదు. మా ప్రశ్న దయ్యం ఉందా లేదా అని కాదు. లేని దయ్యానికి కూడా ఒక మతం ఎందుకుంది, ఒక లిపి ఎందుకుంది అని. జనం దయ్యాన్ని ఊహించుకునేటప్పుడు ఎవరి మొహం ఊహించుకుంటారో అది ఆ జనం చరిత్ర. దాన్ని నవ్వి వదిలేస్తే మొహం అక్కడే ఉంటుంది.

ముందు యుద్ధం సంగతి చూద్దాం. 'నిజాం సుల్తానులు' అనే మాటలోనే తికమక ఉంది. సుల్తానులు కుతుబ్‌షాహీలు. వాళ్ల రాజ్యం 1687లో ఔరంగజేబు చేతిలో పోయింది. నిజాముల పాలన 1724లో మొదలైంది. ఇద్దర్నీ కలిపి ఒక్క దయ్యాన్ని చేశారు. కథ చెప్పేవాళ్లకు ఆ తేడా అక్కర్లేదు. తురక రాజైతే చాలు.

1687లో గోల్కొండ ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. అది నగరానికి పడమట, కోట దగ్గర. లోపలి రాజు ముస్లిం, బయటి చక్రవర్తి ముస్లిం. లోపలి మంత్రుల్లో నిన్నటిదాకా అక్కన్న మాదన్నలుండేవారు, బయటి సైన్యంలో రాజపుత్రులుండేవారు. ఇక నిజాముల పెద్ద యుద్ధాలు చూడండి. 1724 శకర్‌ఖేడా, 1728 పాల్‌ఖేడ్, 1760 ఉద్గీర్, 1763 రాక్షసభువన్, 1795 ఖర్దా. అన్నీ మరాఠా నేల మీద, ఈ గుట్టలకు ఎంతో దూరంలో జరిగినవి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యంలో ఒక దళం ఈ విజయవాడ రోడ్డు మీదే కదిలిన మాట నిజం. కాని పోరు కోదాడ, సూర్యాపేట వైపు జరిగింది. 17వ తేదీకల్లా నిజాం లొంగిపోయాడు. కథకు కావలసిన యుద్ధభూమి చరిత్ర పుస్తకాల్లోంచి రాలేదు. మరెక్కడి నుంచో వచ్చింది.

నిజాం సిపాయి అంటే ఎవరు? కథలో అతనికి ఒకటే పోలిక. గడ్డం, కత్తి, ఉర్దూ. చరిత్రలో చూస్తే ఆ సైన్యం ఒక సంత. హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు, రొహిల్లా పఠానులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు, రాజపుత్రులు, మరాఠాలు, తెలుగువాళ్లు. 1832లో చందూలాల్ కాలంలో పంజాబు నుంచి సిక్కులు వచ్చారు. వీళ్ల గుర్తులు హైదరాబాదు పేటల్లోనే ఉన్నాయి. బారక్స్ అన్న మాట నోళ్లలో నలిగి బార్కస్ అయింది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న చోటు ఏసీ గార్డ్స్ అయింది. వీళ్లందరికీ ఉర్దూ అమ్మ భాష కాదు. సగం మందికి ఏ రాతా వచ్చి ఉండదు. జీతం కోసం తుపాకీ పట్టిన బీదవాళ్లు.

ఆ సైన్యంతో మా సీమకూ ఒక లెక్క ఉంది. 1798లో నిజాం ఇంగ్లీషు కంపెనీతో ఒడంబడిక చేసుకుని తన ఫ్రెంచి పటాలాలను రద్దు చేశాడు. కంపెనీ పటాలాలను పెట్టుకున్నాడు. వాటి ఖర్చు కింద 1800లో బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు వైపు నేలను కంపెనీకి రాసిచ్చాడు. మైసూరు యుద్ధాల్లో టిప్పు నుంచి తన వాటాకు వచ్చిన నేలే అది. మమ్మల్ని దత్తమండలాలన్నారు. 1928 నంద్యాల సభలో రాయలసీమ అనే పేరు పెట్టుకునే దాకా మా పేరు అదే. అంటే గార్లదిన్నె రైతు చెమట ఒకరి సిపాయిల జీతంగా మరొకరికి పోయింది. నిజాం మీద కోపం తెచ్చుకోవడానికి మాకు దయ్యం అక్కర్లేదు, ఆ ఒక్క పత్రం చాలు. కాని ఆ కోపం చరిత్ర మీద వచ్చే కోపం. పక్కింటి సాయిబు మీదికి మళ్లేది కాదు.

ఇప్పుడు పాఠకులు మాతో ఆ విజయవాడ రోడ్డు వెంబడి రండి. ఫిల్మ్ సిటీకి చేరేలోగా దారిలో రెండు చోట్ల ఆగాలి.

మొదటిది మలక్‌పేట దాటాక ఆస్మాన్‌గఢ్ గుట్ట. అక్కడ నిజాం సిపాయి ఒకడి సమాధి ఉంది. నిజంగా ఉన్నవాడు, నిజంగా చచ్చినవాడు. పేరు మిషెల్ రేమండ్. ఫ్రెంచివాడు, రెండో నిజాం దగ్గర సేనాని, ఖర్దా యుద్ధంలో పాల్గొన్నవాడు. 1798 మార్చిలో చనిపోయాడు. దయ్యం కథకు కావలసిన సరుకంతా ఇతని దగ్గర ఉంది. పరాయి దేశం, అర్ధాంతరపు చావు, గుట్ట మీద ఒంటరి గోరీ. కాని జనం ఇతన్ని దయ్యం చెయ్యలేదు. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రామ్ అన్నారు. సమాధి దగ్గర దీపాలు పెట్టారు, ఏటా జాతర చేశారు. మూసారాంబాగ్ అనే పేరు అక్కడి నుంచి వచ్చిందే. రెండు వందల ఏళ్ల కింద ఈ రోడ్డు పక్కన చచ్చిన నిజాం సిపాయి ఇద్దరికీ ఆత్మీయుడయ్యాడు. అదే రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు పోతే, 1996 తర్వాత పుట్టిన నిజాం సిపాయి ఆడవాళ్ల బట్టలు లాగుతున్నాడు. సిపాయి మారలేదు. చూసేవాళ్ల కళ్లు మారాయి.

రెండోది హయత్‌నగర్. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి అయిన హయత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరు. అక్కడ 17వ శతాబ్దపు మసీదు ఉంది. మసీదు చుట్టూ పెద్ద ఆవరణ, ఆవరణ గోడల వెంబడి వరసగా కమాను గదులు. అది సరాయి. బందరు రేవుకు పోయే బాటసారులు, బళ్లవాళ్లు, వర్తకులు రాత్రికి దిగే చోటు. పక్కనే ఏనుగుబావి అని చెప్పుకునే పెద్ద దిగుడుబావి ఉంది. ఈ రోడ్డు మీద చారిత్రక హోటలు అని దేన్నైనా అనాలంటే దాన్ని అనాలి. గది కిరాయికి ఇచ్చే హోటలు కాదు, దారిన పోయేవాడికి నీడ ఇచ్చే హోటలు.

ఆ కాలంలో గోల్కొండ నుంచి బందరుకు ప్రయాణం చేసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ దారిలో ఒక మజిలీ గురించి రాశాడు. బీద బాటసారుల కోసం చుట్టూ చిన్న చిన్న గదులున్నాయని, సాయంత్రం వాళ్లకు వండిన అన్నమో రొట్టో కూరో పంచేవారని చెప్పాడు. ఇతరులు వండింది తినని హిందువులకు పిండి, కొంచెం నెయ్యి విడిగా ఇచ్చేవారట, వాళ్లు చేసుకు తినడానికి. ఈ ఒక్క సంగతి గురించి మేము చాలాసార్లు ఆలోచించాం. నువ్వు మా వంట తినవని నిన్ను వెళ్లగొట్టలేదు. నువ్వు తినవు కాబట్టి నీ పిండి నీకు అన్నారు. ఆచారాన్ని మార్చమనలేదు, ఆకలిని మరిచిపోలేదు. హోటలు అన్న మాటకు ఇంతకంటే మంచి అర్థం మాకు తెలీదు.

ఈ సరాయి మీద దయ్యం కథలు ప్రచారంలో లేవు. దీన్ని చూడడానికి బస్సులు ఆగవు. బస్సులు దాని ముందు నుంచే పోతాయి.

హోటళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో హోటలు సంగతి చెప్పాలి. ఫలక్‌నుమా. 1884లో పైగా అమీరు వికారుల్ ఉమరా మొదలుపెట్టాడు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. 1911లో ఆయన అక్కడే కన్నుమూశాడు. నూటొక్కమంది ఒకేసారి కూచుని తినే బల్ల ఉంది. 2010 నుంచి అది తాజ్ హోటలు. అక్కడికి వచ్చే అతిథికి నిజాం గురించి గౌరవంగా చెప్తారు. మహబూబ్ అలీ పేరు తలుచుకుంటే పాము విషం దిగుతుందని హైదరాబాదు జనం నమ్మేవారు. ఆయన మారువేషంలో రాత్రిపూట వీధుల్లో తిరిగేవాడని చెప్పుకునేవారు. చచ్చిన తర్వాత కూడా నవాబు నవాబే.

గమనించండి. ఒక హోటల్లో చచ్చిన నవాబు వారసత్వ సంపద. ఇంకో హోటల్లో చచ్చిన సిపాయి దయ్యం. ఇద్దరిదీ ఒకే రాజ్యం, ఒకే మతం. ముస్లిం అంటే ఈ సమాజానికి రెండే బొమ్మలు గుర్తుంటాయి. అత్తరు పూసుకున్న నవాబు, కత్తి పట్టిన సిపాయి. ఒకడు డబ్బు పెట్టి చూడాల్సిన వింత, ఇంకొకడు పారిపోవాల్సిన భయం. మా గార్లదిన్నెలో దూది ఏకే దూదేకులాయన, సైకిలు పంక్చర్లు వేసే పిల్లోడు, మాంసం కొట్టే ఖసాబు, వేరుశనగ కాయలు వలిచే బీబీ, వీళ్ల తాత ముత్తాతలు ఈ రెండు బొమ్మల్లో ఎక్కడా లేరు. మేము నవాబుల వారసులమూ కాము, ఆ దయ్యాలకు బంధువులమూ కాము. కాని ఆ రెండింటికీ జవాబు చెప్పుకోవాల్సింది మేమే.

ఇప్పుడు అద్దం మీది రాత దగ్గరికి వద్దాం. మేము రెండు భాషల్లో రాసి బతికేవాళ్లం కాబట్టి మాకు మొదట వచ్చే ప్రశ్న ఒకటే. ఏం రాసి ఉంది?

ఈ కథ మాకు చెప్పినవాళ్లు, రాసినవాళ్లు ఒక్కరూ అది చెప్పలేదు. ఒక్క వాక్యం, ఒక్క పేరు, ఒక్క అక్షరం చెప్పలేదు. వంకర గీతలు కనిపించాయి, ఉర్దూలా ఉన్నాయి, అంతే. చదవడం రానివాళ్లు చూసి ఉర్దూ అని తేల్చిన రాత అది. రాసింది ఏమిటన్నది ఆ కథకు అక్కర్లేదు. ఉర్దూ అయితే చాలు, అర్థంతో పనిలేకుండా భయం పుడుతుంది. అది మమ్మల్ని దయ్యం కంటే ఎక్కువ కలవరపెడుతుంది. ఇంతమంది మాట్లాడిన భాష ఒక తరంలో అర్థం లేని గీతగా, బెదిరించే గుర్తుగా ఎలా మారింది?

ఎందుకంటే ఆ భాష దూరం నుంచి వచ్చింది కాదు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది ఉర్దూ మాధ్యమంలోనే. వైద్యం, ఇంజనీరింగు పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చి చదువు చెప్పారు. ఆ చదువు తెలుగు పిల్లల నోట్లో మన్ను కొట్టిందనే బాధలో నిజం ఉంది. మేము కాదనం. రాజ్యం చేసిన అన్యాయం అది, అక్షరం చేసింది కాదు. అక్షరం జనంలో కలిసిపోయింది. నిజాం నేల కాకుండా పోయి రెండు వందల ఏళ్లు దాటిన మా అనంతపురంలో చూడండి. రైతు ఖరీఫ్ అంటాడు, రబీ అంటాడు. కిస్తు, బాకీ, జప్తు, రసీదు, దస్తావేజు, వకీలు, తహసీల్దారు, జిల్లా. కరువొచ్చినప్పుడు మా రైతు ఏ మాటలతో ఏడుస్తాడో అవి చాలావరకు పార్సీ, ఉర్దూల నుంచి వచ్చిన మాటలే. నోట్లో ఉన్నప్పుడు తెలుగు, అద్దం మీద కనిపిస్తే దయ్యం.

ఇంకో సంగతి. మా పల్లెల్లో పసిబిడ్డ రాత్రి ఉలిక్కిపడితే తల్లి ఏం చేస్తుంది? హిందూ తల్లే, ముస్లిం తల్లే కానీ, మగ్రిబ్ నమాజు వేళకు బిడ్డనెత్తుకుని మసీదు వాకిట నిలబడుతుంది. నమాజు చేసి వచ్చేవాళ్లు బిడ్డ మీద ఊదిపోతారు. సాయిబు కాగితం మీద నాలుగు అరబీ అక్షరాలు రాసి మడిచి తాయెత్తు కడతాడు. ఆ అక్షరాలకూ ఉర్దూకూ చూపుకు తేడా తెలీదు. ఆ తల్లికి చదవడం రాదు. అయినా ఆ రాత దయ్యాన్ని తరుముతుందని ఆమె నమ్మకం. అదే ఆకారపు రాతను హోటలు అద్దం మీద చూస్తే దయ్యమే రాసిందని ఆమె మనవడి నమ్మకం. మేము రెండు నమ్మకాల్నీ సమర్థించడం లేదు. తాయెత్తుకు జబ్బు తగ్గదు, ఆస్పత్రికి పోవాలి. కాని జేజికీ మనవడికీ మధ్య ఏం జరిగిందో అడగకపోతే మేము రాసే పని మానుకోవడం మేలు.

ఉర్దూలో రాసి ప్రాణం పోగొట్టుకున్న ఒకరి పేరు ఇక్కడ చెప్పాలి. షోయబుల్లా ఖాన్. 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రిక సంపాదకుడు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని, రజాకార్ల దౌర్జన్యం ఆగాలని రాశాడు. 1948 ఆగస్టులో రాత్రి పత్రిక పని ముగించుకుని ఇంటికి పోతుంటే రజాకార్లు కాల్చి చంపారు. రాసిన చేతిని నరికారు. ఆ చెయ్యి ఉర్దూ రాసిన చెయ్యి. తెలుగు పిల్లల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసు? అద్దం మీద రాసే చెయ్యి గురించి అందరికీ తెలుసు.

1948 మాట ఎత్తినాక మిగతాది దాచకూడదు. రజాకార్లు ఊళ్లు తగలబెట్టారు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో చేసింది మాయని మచ్చ. దాన్ని మేము గట్టిగానే చెప్తాం, చెప్పాలి. ఆ తర్వాత సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. పోలీసు చర్య సమయంలో, దాని తర్వాత సామాన్య ముస్లింల మీద ఊచకోత జరిగింది. నెహ్రూ ప్రభుత్వమే పంపిన కమిటీ, పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ, ఊరూరా తిరిగి నివేదిక ఇచ్చింది. తక్కువలో తక్కువ లెక్క వేసినా 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ నష్టపోయాయని చెప్పింది. శవాలతో నిండిన బావుల్ని చూశామని రాసింది. ప్రాణాలకు తెగించి ముస్లిం కుటుంబాలను దాచిన హిందువులున్నారని కూడా రాసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు.

అకాల మరణం పొందినవాళ్లే దయ్యాలవుతారని కదా మన ఊళ్ల నమ్మకం. అలా అయితే ఆ బావుల చుట్టూ ఎన్ని కథలుండాలి? లేవు. బైరాన్‌పల్లి బురుజు మీద కూర్చునే దయ్యం గురించి టీవీలో రాదు. నిజంగా చచ్చిన హిందువూ రాడు, నిజంగా చచ్చిన ముస్లిమూ రాడు. జరగని యుద్ధంలో చావని సిపాయి మాత్రం వస్తాడు. అతను వస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. ఎవరు చంపారు, ఎందుకు చంపారు అని అడగడు. తలుపు తట్టి పోతాడు. బావిలోని మనిషి లేచి వస్తే పేర్లు చెప్తాడు.

చచ్చినవాళ్లతో మాట్లాడే పద్ధతి మన నేలకు తెలీనిది కాదు. మా గార్లదిన్నెకు పెద్ద దూరం కాని నార్పల మండలంలో గూగూడు ఉంది. మొహర్రంలో అక్కడ కుళ్లాయిస్వామి పీరు లేస్తుంది. కర్బలాలో చచ్చినవాళ్ల కోసం చేసే దుఃఖానికి మా సీమ జనం అగ్నిగుండం తొక్కుతారు, చక్కెర చదివిస్తారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది హిందువులు. మా జిల్లాలో కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ, ఫకీరప్ప, ఉసేనప్ప అని పేర్లు పెట్టుకున్న హిందువులు ఊరికి పదిమంది దొరుకుతారు. పెనుకొండ బాబయ్య దర్గా ఉర్సుకు బళ్లు కట్టుకుని పోయిన కాపులున్నారు. ఆ పీరు కూడా యుద్ధంలో చచ్చిన ముస్లిమే. అరబ్బు దేశపు ముస్లిం. అతన్ని చూసి భయపడలేదు. బిడ్డలకు అతని పేరు పెట్టుకున్నారు.

మా సీమలోనే ఇంకో కథ ఉంది. మంత్రాలయం కథ. దత్తమండలాల కలెక్టరు మన్రో మఠం మాన్యాల సంగతి తేల్చడానికి అక్కడికి వచ్చాడని, 1671లో బృందావనంలో ప్రవేశించిన రాఘవేంద్రస్వామి అతనికి కనిపించి మాట్లాడారని, పక్కనున్నవాళ్లకు కనిపించలేదని చెప్తారు. ఆ ఊరిని స్వామికి ఇచ్చింది ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ అని కూడా ఆ కథల్లోనే ఉంది. భక్తుల నమ్మకాన్ని మేము గౌరవిస్తాం. దాన్ని ఎవరూ దయ్యం కథ అనరు, అనకూడదు. దర్శనం అంటారు. మేము చెప్పేది ఒకటే. చచ్చిన మనిషి కనిపించాడంటే దర్శనమా, దయ్యమా అన్నది ఆ మనిషిని మనవాడనుకుంటామా కాదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. రేమండును అనుకున్నారు. కుళ్లాయిస్వామిని అనుకున్నారు. ఫిల్మ్ సిటీ నాటికి అనుకోవడం మానేశారు.

మావాళ్లతో కూడా ఒక మాట. మా మతం ప్రకారం చచ్చినవాడి ఆత్మ బర్జఖ్‌లో ఉంటుంది. హోటలు గదుల్లో తిరగదు. కాబట్టి ఆ దయ్యం షరీయతు ప్రకారం ముస్లిం కానే కాదు. అయినా మా కుర్రాళ్లు ఆ కథను సరదాగా చెప్పుకుంటారు, అందులో తమ మొహమే ఉందని గమనించకుండా. మరోవైపు మాలోనే కొందరు పీర్లు తప్పు, దర్గాలు తప్పు, చక్కెర చదివింపులు తప్పు అని పల్లెలకు వచ్చి చెప్తున్నారు. ధర్మశాస్త్రం వాళ్లకు తెలిసి ఉండొచ్చు. కాని కుళ్లాయప్ప అన్న పేరు పోతే ఏం పోతుందో వాళ్లు లెక్క వేయలేదు. హిందువు ఇంట్లో ఉన్న ముస్లిం పేరు అది. అది ఖాళీ అయిన చోట్లోకి అద్దం మీది సిపాయి వచ్చి కూర్చుంటాడు.

దయ్యానికి గది దొరికింది. మరి మాకు? కొన్నేళ్ల కింద వార్త పని మీద ఒక పట్నానికి పోయి, రాత్రి పదకొండింటికి ఒక లాడ్జి మెట్లెక్కాం. కౌంటరులో కుర్రాడు గది ఉందన్నాడు, అడ్వాన్సు చెప్పాడు. రిజిస్టరులో పేరు రాశాం. ఆ పేరు చదివి, లోపలికి పోయి, తిరిగొచ్చి, గదులన్నీ బుక్కయ్యాయన్నాడు. కసురుకోలేదు, మర్యాదగానే అన్నాడు. 'ఏమనుకోవద్దన్నా, పోలీసోళ్లు మాటిమాటికీ అడుగుతున్నారు' అన్నాడు. ఆ రాత్రి బస్టాండు బెంచీ మీద గడిచింది. ఆ కుర్రాడి మీద మాకు కోపం లేదు. 2007లో మక్కా మసీదులో పేలుడు జరిగాక మా కుర్రాళ్లనే పట్టుకుపోయిన కాలాన్ని చూసినవాళ్లం. లాడ్జి కుర్రాడికి చరిత్ర ఎవరూ చెప్పలేదు. ఉర్దూ పేరు చూస్తే ఏదో ముంచుకొస్తుందని మాత్రం చెప్పారు. తలుపు తట్టే సిపాయి కథ సరదా కథే. కాని అలాంటి సరదా కథలు వంద కలిస్తే రిజిస్టరు ముందు ఒక మనిషి చెయ్యి ఆగుతుంది.

అందుకే దయ్యం లేదని చెప్పి ఊరుకోవడం చాలదంటున్నాం. దయ్యం స్థానంలో మనిషిని పెట్టాలి. హయత్ బక్షీ బేగం మనిషి. పిండీ నెయ్యీ కొలిచి ఇచ్చిన సరాయి పనివాడు మనిషి. రేమండు మనిషి. షోయబుల్లా మనిషి. బైరాన్‌పల్లి రైతు, బీదర్ బావిలోని కూలీ మనుషులు. వీళ్ల గురించి పాఠం చెప్పిన పిల్లవాడు అద్దం మీద గీత చూస్తే 'ఏం రాసుంది, చదువు' అని అడుగుతాడు.

గార్లదిన్నె నుంచి, సింగనమల నుంచి, పామిడి నుంచి ఏటా పిల్లల్ని బస్సుల్లో ఫిల్మ్ సిటీకి తీసుకుపోయే అయ్యవార్లకు మా మనవి ఇదే. మీ బస్సును హయత్‌నగర్ మీదుగా పోనివ్వండి. అక్కడ అరగంట ఆపండి. సరాయి గదుల ముందు పిల్లల్ని నిలబెట్టి, ఇక్కడ రాత్రికి ఎవరెవరు దిగేవారో, వాళ్లకు ఏం పెట్టేవారో చెప్పండి. మసీదు గోడ దగ్గరున్న పెద్దాయన్నెవరినైనా పిలిచి, పిల్లల పేర్లు ఉర్దూలో పలక మీద రాయించండి. రామాంజనేయులు, లక్ష్మీదేవి, కుళ్లాయప్ప, మస్తానమ్మ. కుడి నుంచి ఎడమకు రాస్తారు. తమ పేరు ఆ లిపిలో ఎలా ఉంటుందో పిల్లలు చూడనీండి. తర్వాత ఫిల్మ్ సిటీకి పోండి.